విరేచనాలు తగ్గినా కుదుటపడని కడుపు

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్ల మండలంలో అతిసారం ప్రబలింది. తాగునీరు కలుషితమై వందలమంది మంచాన పడ్డారు. పలువురు ప్రాణాలు కోల్పోయారు. ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ స్వయంగా గుర్ల వెళ్లి బాధితులను పరామర్శించారు. ఊళ్లో వైద్య శిబిరాలు పెట్టారు, నీళ్లలో క్లోరిన్ కలిపారు, కొన్నాళ్లకు కేసులు ఆగాయి. దాంతోపాటు పత్రికల్లో వార్తలూ ఆగాయి.

అయితే అతిసారం బారిన పడ్డవాళ్లందరికీ బాధ అక్కడితో తీరదు. క్రిమి పోయి, జ్వరం తగ్గి, నెలలు గడిచాక కూడా కొందరికి పొద్దున్న లేవగానే మూడు నాలుగుసార్లు దొడ్డికి పరుగు తప్పదు. అన్నం తిని చెయ్యి కడుక్కునేలోపే కడుపులో మెలితిప్పుతుంది. పరీక్షలు చేయిస్తే రిపోర్టులన్నీ బాగానే ఉంటాయి. ఈ స్థితిని ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అంటారు, పొట్టిగా ఐబీఎస్. అందులో విరేచనాలు ప్రధానంగా ఉండే రకం ఐబీఎస్-డి. వానాకాలం వచ్చిందంటే ఉత్తరాంధ్రలో ఏదో ఒక ఊరినుంచి అతిసారం వార్త వస్తూనే ఉంటుంది కాబట్టి, ఈ జబ్బుకు ఏ మందు పనిచేస్తుందో, ఏది పనిచెయ్యదో ఇక్కడివాళ్లకు తెలిసి తీరాలి.

నీళ్లు కలుషితమై వచ్చిన అతిసారం ఇలా ఏళ్లతరబడి మిగిలిపోతుందని గట్టిగా రుజువైంది కెనడాలోని వాకర్టన్ అనే చిన్న ఊళ్లో. 2000 మే నెలలో కుండపోత వానకు పశువుల పేడ కొట్టుకొచ్చి ఊరి బావిలో కలిసింది. సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. పరిశోధకులు ఆ ఊరిని ఏళ్లపాటు వదల్లేదు. రెండు మూడేళ్ల తర్వాత చూస్తే, అప్పట్లో అతిసారం సోకినట్టు వైద్యపరంగా తేలినవారిలో 36 శాతం మందికి ఐబీఎస్ లక్షణాలున్నాయి. అప్పుడు జబ్బుపడనివారిలో అవి 10 శాతం మందికే ఉన్నాయి. ఎనిమిదేళ్లకు చాలామంది కోలుకున్నారు, అయినా ఆరేడుగురిలో ఒకరికి బాధ మిగిలే ఉంది. అలా మిగిలే బాధ పాత క్రిమి పేగులో ఇంకా ఉండటం వల్ల కాదు. ఐబీఎస్ మందుల గురించి ఆలోచించేటప్పుడు ముందుగా గుర్తుపెట్టుకోవలసింది ఈ సంగతే.

మరి క్రిమి పోయాక పేగులో ఏం మిగిలింది?

మన పేగు గోడలో కోట్ల సంఖ్యలో నాడీకణాలున్నాయి. తిన్నది ముందుకు తోయడం, నీటిని వదలడం, తిరిగి పీల్చుకోవడం అన్నీ అవే నడుపుతాయి. అవి మాట్లాడుకునే రసాయనాల్లో సెరటోనిన్ ముఖ్యమైనది. మనసుకు సంబంధించిన రసాయనంగా దీనికి పేరుగానీ, శరీరంలోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా ఉండేది పేగులోనే. అతిసారం తర్వాత కొందరి పేగులో సెరటోనిన్ వదిలే కణాలు పెరిగి, చాలాకాలం అలాగే ఉండిపోతాయి. అన్నం లోపలికి వెళ్లగానే అవి మోతాదుకు మించి స్పందిస్తాయి. పెద్దపేగు గబగబా ముడుచుకుని, నీరు పీల్చుకునే వ్యవధి లేకుండానే ఉన్నదంతా బయటకు తోసేస్తుంది.

నొప్పికి కారణం ఇంకొంచెం లోతైనది. 1973లో రిచీ అనే పరిశోధకుడు పెద్దపేగు చివర చిన్న బెలూన్ పెట్టి 60 మిల్లీలీటర్ల మేర ఊదించి చూశాడు. ఐబీఎస్ ఉన్నవారిలో సగానికి పైగా నొప్పి అన్నారు. లేనివారిలో 6 శాతం మందే అన్నారు. కాలిన చోట గోరువెచ్చని నీళ్లు పడ్డా భగ్గుమన్నట్టు, ఈ పేగుకు మామూలు గాలీ మామూలు కదలికా నొప్పిగానే తెలుస్తాయి. 2021లో బెల్జియంలోని లూవెన్ పరిశోధకులు ఇంకో మెట్టు ఎక్కారు. పేగుకు ఇన్‌ఫెక్షన్ ఉన్న సమయంలో తిన్న ఆహారాన్ని కూడా రోగనిరోధక వ్యవస్థ శత్రువుగా గుర్తుపెట్టుకోగలదని ఎలుకల్లో చూపించారు. ఆ తర్వాత అదే ఆహారం పడ్డప్పుడల్లా పేగు గోడలోని మాస్ట్ కణాలు హిస్టమిన్ వదిలి నాడులను రెచ్చగొట్టాయి. ‘అంతా నీ భ్రమ’, ‘టెన్షన్ తగ్గించుకో, అదే పోతుంది’ అని రోగిని పంపించేసే రోజులు పోవాలి. ఆందోళన ఈ బాధను పెంచుతుందన్నది నిజం. ఆందోళన ఒక్కటే దీన్ని పుట్టిస్తుందనడం మాత్రం తప్పు.

ఈ జబ్బుతో డాక్టరు ముందు కూర్చున్నవాళ్లు చెప్పుకునే మాటలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. “ఏటి తిన్నా అవట్లేదు బాబూ. బస్సెక్కాలంటే బయమేస్తంది. ఊరెల్లాలంటే ముందురోజు రాత్తిరి నుంచీ ఏటీ తినను.” ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వచ్చే బస్సులో, విజయనగరం నుంచి హైదరాబాద్ పనికి వెళ్లే రైలు జనరల్ పెట్టెలో, పలాస జీడిపప్పు పరిశ్రమల్లో గంటలకొద్దీ కూర్చుని పప్పు వలిచే ఆడవాళ్ల మధ్య ఈ బాధ ఎంత నరకమో ఊహించుకోవచ్చు. మరుగుదొడ్డి దగ్గర లేని పని ఏదైనా ఈ మనిషికి అందని పనే. దీనివల్ల ప్రాణం పోదు కాబట్టి పెద్ద జబ్బు కాదనుకుంటారు. ఆ బస్సు ప్రయాణం చేసినవారిని అడిగితే తెలుస్తుంది.

అలాంటి మనిషి మొదట వెళ్లేది మందుల షాపుకు, లేదంటే ఊళ్లోని ఆర్ఎంపీ దగ్గరకు. “నీళ్ల విరేచనాలకు మాత్రలివ్వండి” అనగానే కత్తెరతో స్ట్రిప్పు కత్తిరించి నాలుగు మాత్రలు చేతిలో పెడతారు. చాలాసార్లు అవి నార్‌ఫ్లాక్సాసిన్, టినిడజోల్ కలిపిన మాత్రలో, ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపినవో అయి ఉంటాయి. రెండు రోజులు వాడితే కొంచెం తగ్గినట్టుంటుంది. ఐబీఎస్ ఎటూ తగ్గుతూ హెచ్చుతూ నడిచే జబ్బే కాబట్టి మందు గుణమే అనుకుంటారు. వచ్చే నెల మళ్లీ అదే స్ట్రిప్పు. ఇక్కడ చంపడానికి క్రిమి లేదు. ఆ మాత్రలు పేగులోని మేలు చేసే సూక్ష్మజీవులను పదేపదే ఊడ్చేస్తాయి. వీటిలోని నార్‌ఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ లాంటి ఫ్లోరోక్వినలోన్ రకం యాంటీబయాటిక్‌లు నరాలను, కండరాలను ఎముకలకు కట్టే స్నాయువులను దెబ్బతీయగలవని ప్రపంచవ్యాప్తంగా హెచ్చరికలున్నాయి. ఐబీఎస్‌కు మన దగ్గర తరచూ వాడేవి ఈ మాత్రలే, అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేవీ ఇవే.

దీనికి ఒక పాత కారణం కూడా ఉంది. ‘నాకు ఇరవయ్యేళ్లుగా అమీబియాసిస్’ అని చెప్పే పెద్దవాళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తారు. మల పరీక్షలో అమీబా కనిపించిందని వాళ్లకు ఎప్పుడో ఎవరో చెప్పి ఉంటారు. జబ్బు కలిగించే ఎంటమీబా హిస్టోలిటికా, ఏ హానీ చెయ్యని ఎంటమీబా డిస్పార్ సూక్ష్మదర్శినిలో అచ్చం ఒకేలా ఉంటాయి. ఇవి రెండూ వేర్వేరు జీవులని శాస్త్రవేత్తలు స్థిరపరిచింది 1993లోనే. అంతకుముందు అమీబా ముద్ర పడ్డవారిలో ఎంతోమంది కడుపులో ఉన్నది హాని చెయ్యని జీవి, బాధ పెట్టింది ఐబీఎస్. ఆ ముద్రతో వాళ్లు జీవితాంతం చేదు మాత్రలు మింగారు.

ఇక నిజంగా పనిచేసే మందుల సంగతి. ఐబీఎస్-డికి అందరికీ సరిపోయే మాత్ర ఒకటంటూ లేదు. ఈ మనిషిని ఎక్కువ బాధపెడుతున్నది ఏది, ఎన్నిసార్లు వెళ్లడమా, ఆపుకోలేని తొందరా, నొప్పా అన్నది చూసి మందు ఎంచుకోవాలి.

ఎన్నిసార్లు అన్నదే సమస్య అయితే మొదటి మందు లోపరమైడ్. 1969లో బెల్జియంలోని జాన్సెన్ సంస్థ దీన్ని తయారుచేసింది. ఇది నల్లమందు కుటుంబానికి చెందినదే, పేగు నాడుల మీద ఓపియాయిడ్ గ్రాహకాలను పట్టుకుని పేగు వేగాన్ని తగ్గిస్తుంది. మామూలు మోతాదులో మెదడులోకి చేరదు. రక్తానికీ మెదడుకూ మధ్యనున్న గోడ దీన్ని వెనక్కి నెట్టేస్తుంది, అందుకే మత్తు రాదు. 2 మిల్లీగ్రాముల మాత్ర చాలా చవక. డాక్టరు సలహాతో ప్రయాణానికో, పెళ్లి భోజనానికో ముందు ఒకటి వేసుకుంటే ఆ పూట ధైర్యంగా గడపవచ్చు. అయితే ఇది నొప్పిని తగ్గించదు. మలంలో రక్తం పడుతున్నా, జ్వరంతో విరేచనాలవుతున్నా దీన్ని వాడకూడదు. ఎక్కువ మింగితే గుండె లయ తప్పుతుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో హెచ్చరించింది.

తొందర ఎక్కువగా ఉన్నవారికి పనికొచ్చే మందు వాంతుల మాత్రగా మన ఇళ్లలో అందరికీ తెలిసిన ఓండాన్‌సెట్రాన్. ఇది సెరటోనిన్ గ్రాహకాల్లో ఒక రకాన్ని అడ్డుకుంటుంది. కీమోథెరపీ రోగులకు ఇస్తే మలబద్ధకం వచ్చేది. ఆ దుష్ఫలితమే విరేచనాలవారికి మందయింది. 2014లో బ్రిటన్‌లో 120 మందిపై జరిగిన పరీక్షలో మలం గట్టిపడింది, పరుగు తగ్గింది, నొప్పి మాత్రం తగ్గలేదు. ఇదే కుటుంబంలో ఇంతకన్నా బలమైన అలోసెట్రాన్ కథ తెలుసుకోదగ్గది. 2000 ఫిబ్రవరిలో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. పేగుకు రక్తప్రసరణ తగ్గిపోవడం, తీవ్రమైన మలబద్ధకం వంటి ప్రమాదాలు బయటపడి అదే ఏడాది నవంబరులో వెనక్కి తీసుకున్నారు. ఆ మందు మళ్లీ కావాలని రోగులే పట్టుబట్టారు. 2002లో, తీవ్రమైన ఐబీఎస్-డి ఉన్న ఆడవాళ్లకు మాత్రమే అని షరతులు పెట్టి తిరిగి అనుమతించారు. ప్రమాదముందని తెలిసీ రోగులు ఒక మందును వెనక్కి తెప్పించుకున్నారంటే, ఈ జబ్బు మనిషిని ఎంత పిండేస్తుందో అర్థమవుతుంది.

నొప్పి ప్రధానమైతే అమిట్రిప్టిలిన్. డిప్రెషన్ మాత్ర పేరు చీటీలో కనబడగానే ‘నాకు పిచ్చా’ అని మందు మానేసేవాళ్లు చాలామంది. ఇక్కడ ఆ మాత్ర పని వేరు. డిప్రెషన్‌కు వాడే మోతాదులో చిన్న భాగం, రాత్రి పడుకునే ముందు 10 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. పేగు నుంచి మెదడుకు వెళ్లే నొప్పి సంకేతాలను అది తగ్గిస్తుంది, పేగు కదలికను కూడా నెమ్మదింపజేస్తుంది. 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అట్లాంటిస్ పరీక్ష దీనికి బలమైన సాక్ష్యం. ఇంగ్లాండులో మామూలు కుటుంబ వైద్యుల దగ్గర 463 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు 10 నుంచి 30 మిల్లీగ్రాముల వరకు ఆరు నెలలు ఇచ్చి చూస్తే, ఉత్తుత్తి మాత్ర కన్నా స్పష్టంగా మెరుగ్గా పనిచేసింది. నోరెండటం, మగత ఉంటాయి. గుండెజబ్బు ఉన్నవారు, కళ్లలో ఒత్తిడి ఉన్నవారు, ప్రోస్టేట్ సమస్య ఉన్నవారు ముందే డాక్టరుకు చెప్పాలి. అయినా రోగులను ఒప్పించి వాడించదగ్గ మందు ఏదని అడిగితే మొదట దీని పేరే చెప్పాలి.

చాలాసార్లు ఎవరికీ గుర్తురాని ఇంకో కారణం పిత్తం. కాలేయం వదిలే పైత్యరస ఆమ్లాల్లో 95 శాతం చిన్నపేగు చివర్లో తిరిగి రక్తంలోకి చేరాలి. అలా చేరకుండా పెద్దపేగులోకి జారిపోతే నీళ్ల విరేచనాలవుతాయి. ఐబీఎస్-డి అనుకున్నవారిలో దాదాపు నాలుగోవంతు మందికి అసలు సంగతి ఇదేనని అధ్యయనాలు చెబుతున్నాయి. పిత్తాశయంలో రాళ్లకని ఆపరేషన్ చేయించుకున్నాక విరేచనాలు మొదలైతే దీన్నే ముందు అనుమానించాలి. కొలెస్టిరమిన్ పొడి పైత్యరసాన్ని పట్టి ఉంచుతుంది, పని చేస్తే కొద్దిరోజుల్లోనే తెలిసిపోతుంది. ఇది మిగతా మందులనూ పట్టేస్తుంది కాబట్టి థైరాయిడ్ మాత్రలాంటివాటికీ దీనికీ మధ్య కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి.

యాంటీబయాటిక్‌లలో ఐబీఎస్-డికి ఆధారం ఉన్నది ఒక్క రిఫాక్సిమిన్‌కే. అది రక్తంలోకి దాదాపు చేరకుండా పేగులోనే ఉండిపోతుంది. 2011లో వచ్చిన రెండు పెద్ద పరీక్షల్లో పద్నాలుగు రోజుల కోర్సు తీసుకున్నవారిలో సుమారు 41 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 32 శాతం మందికి ఊరట దక్కింది. తేడా ఉంది, గొప్పగా లేదు. ఖరీదైన కోర్సు కాబట్టి అప్పుచేసి కొనేముందు ఈ అంకెలు తెలిసుండాలి. 2015లో అమెరికాలో వచ్చిన ఎలుక్సాడోలిన్ అనే మరో ఐబీఎస్-డి మందును పిత్తాశయం తీసేసినవారికి ఇస్తే క్లోమం వాచే ప్రమాదముందని రెండేళ్లకే తేలింది. కడుపు నులిమే నొప్పికి మన డాక్టర్లు తరచూ రాసే మెబెవెరిన్, పుదీనా నూనె గుళికలు కొందరికి ఉపశమనమిస్తాయి, వాటి సాక్ష్యం అంత గట్టిది కాదు.

ఈ మందులన్నీ ఐబీఎస్ అని తేలాకే. ఐబీఎస్ కాని విరేచనాల జబ్బు ఎంత ప్రమాదమో మన తెలుగువారికి శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు జీవితమే చెబుతుంది. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన ఇద్దరు అన్నదమ్ములను ట్రాపికల్ స్ప్రూ పొట్టనపెట్టుకుంది. పేగు ఆహారాన్ని పీల్చుకోలేక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషిని క్షీణింపజేసే జబ్బది. ఆయనకూ వచ్చింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద మందుతో కోలుకున్నారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా ఆయన పర్యవేక్షించిన ఆ ప్రయోగశాల నుంచే వచ్చింది. ఈనాటికీ స్ప్రూకు వైద్యం ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. అన్నదమ్ములను తీసుకెళ్లిన జబ్బుకు మందు ఆయన చేతుల మీదుగా రావడం మామూలు విషయం కాదు.

ఐబీఎస్‌లో బరువు తగ్గదు, రక్తం పడదు, నిద్రలోంచి లేపి పరిగెత్తించదు. బరువు తగ్గుతున్నా, రక్తహీనత ఉన్నా, రాత్రి నిద్రలో విరేచనమవుతున్నా, జ్వరం వస్తున్నా, ఇంట్లో పేగు క్యాన్సర్ చరిత్ర ఉన్నా, యాభై ఏళ్లు దాటాక కొత్తగా మొదలైనా అది వేరే జబ్బు కావచ్చు. స్ప్రూ, పేగు క్షయ, పెద్దపేగు పూత, సీలియాక్, థైరాయిడ్ ఎక్కువ కావడం, క్యాన్సర్, వీటిలో ఏదైనా కావచ్చు. రక్త పరీక్ష, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష, అవసరమైతే కొలనోస్కోపీ చేయించాకే ఐబీఎస్ మందులు. షుగరు ఉన్నవారు ఇంకొకటి చూసుకోవాలి. మెట్‌ఫార్మిన్ మాత్రే చాలామందికి విరేచనాలు తెస్తుంది. దాన్ని మెల్లగా కరిగే రకానికి మారిస్తే ఏళ్లనాటి బాధ పోయినవాళ్లున్నారు.

తిండి విషయంలో మన వరి అన్నం అదృష్టం. అది చిన్నపేగులోనే దాదాపు పూర్తిగా అరిగిపోతుంది, పెద్దపేగులో పులిసి గ్యాసు పుట్టించదు. చోడి అంబలి కూడా చాలామందికి పడుతుంది. ఇబ్బంది పెట్టేవి ఉల్లి, వెల్లుల్లి, కందిపప్పు, పాలు, ఎక్కువ తింటే మామిడిపండు, జీడిపప్పు. పలాసలో ఉండి జీడిపప్పు, విజయనగరంలో ఉండి మామిడి మానమంటే కష్టమే. మానాల్సింది నాలుగు నుంచి ఆరు వారాలే. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం రూపొందించిన పద్ధతి ప్రకారం ఆ తర్వాత ఒక్కొక్కటీ తిరిగి తిని, తనకు పడనిదేదో కనిపెట్టి దాన్నొక్కటే తగ్గించుకోవాలి. జీవితమంతా అన్నీ మానేస్తే మనిషి ఎండిపోతాడు తప్ప జబ్బు పోదు. పాలు పడనివారికి పెరుగు, మజ్జిగ చాలావరకు పడతాయి, పులిసేటప్పుడు పాలలోని చక్కెర తగ్గిపోతుంది. మారేడు కాయకు విరేచనాలు కట్టే పేరు ఏనాటినుంచో ఉంది, తాత్కాలికంగా ఉపయోగపడవచ్చు. అది మాత్రమే నమ్ముకుని పరీక్షలు వాయిదా వెయ్యకూడదు.

కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల ఉద్దానం ప్రజలకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. కిడ్నీ జబ్బు ఇంటింటినీ తొక్కిన నేల అది. విరేచనాలు ఎక్కువైన రోజు ఒంట్లో నీరు తగ్గితే ముందు దెబ్బతినేది కిడ్నీయే. కడుపునొప్పికని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోవద్దు. ఐబీఎస్ నొప్పికి అవి పనిచెయ్యవు, కిడ్నీకి మాత్రం హాని చేస్తాయి. లీటరు నీటికి ఒక ఓఆర్ఎస్ పొట్లం చొప్పున కలుపుకుని తాగండి. కిడ్నీ జబ్బు ఇప్పటికే ఉండి నీళ్లు కొలిచి తాగమన్నవాళ్లు తమ డాక్టరును అడిగి తాగాలి. ఏ కొత్త మాత్ర మొదలుపెట్టేముందైనా క్రియాటినిన్ ఎంతుందో ఆ డాక్టరుకు చెప్పాలి.

ఈ బాధ ఉన్నవారు శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రులకు వెళ్లినా, విశాఖ కేజీహెచ్‌కు వెళ్లినా, రోజుకు ఎన్నిసార్లయింది, ఎలా అయింది, ఏం తిన్నాక అయింది అన్నది ఒక వారం లెక్క కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఇంతవరకు వాడిన మాత్రల స్ట్రిప్పులు సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. ఎప్పుడో పెద్ద విరేచనాలు పట్టి, ఆ తర్వాత నుంచే ఇలా ఉంటే ఆ సంగతి ముందుగా చెప్పండి. దొడ్డికి వెళ్లే విషయమని సిగ్గుపడి దాచుకోవద్దు. షాపులో కత్తిరించి ఇచ్చే యాంటీబయాటిక్ మాత్రలు ఇక కొనకండి.